గజ్జల్లో కట్టిన బిళ్ళ

నా చిన్నతనంలో ఒక ఉభాల (వరినాట్ల) కాలంలో, శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటకు దగ్గరలో ఉన్న మా ఊరి పొలం గట్టు మీద నడుస్తూ ఉండగా నా కాలిలో తుమ్మముల్లు దిగింది. ఇంట్లో చెబితే మళ్ళీ పొలానికి వెళ్ళనివ్వరన్న భయంతో ముల్లును పైపైన లాగేసి ఊరుకున్నాను. మూడో రోజు ఒళ్ళు వెచ్చబడింది. మా నాయనమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఆ వెంటనే తొడ మొదట్లో వేళ్ళతో తడిమి, "గజ్జల్లో బిళ్ళ కట్టినాది, కాలికేదో గుచ్చుకునుంటాది, పాదం సూపించు" అంది. బొటనవేలి అడుగున చీము పట్టిన తెల్లని చుక్క ఒకటి కనిపించింది. దీపం మంటలో కాల్చిన సూదితో ఆ చుక్కను విప్పగానే చీముతో పాటు విరిగిన ముల్లు మొన కూడా బయటికి వచ్చింది. పుండు రెండు రోజుల్లో ఆరిపోయింది కానీ, బిళ్ళ కరగడానికి మరో పది రోజులు పట్టింది.

ఇప్పుడు ఇదే జిల్లాలో రెండో సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థులకు మైక్రోబయాలజీ బోధిస్తున్నాను. ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శాస్త్రం, మొదటి తరగతిలో నేను చెప్పేది ఈ ముల్లు కథే. రోగనిరోధక వ్యవస్థలో ఏ కణం పేరు ఏమిటి, ఏ సైటోకైన్ (కణాల మధ్య కబురు మోసే అణువు) ఏ కణం నుంచి వస్తుంది అని అడిగితే మా పిల్లలు తడుముకోకుండా చెబుతారు. అయితే ఆ కణం ఆ సమయానికి శరీరంలో ఎక్కడ ఉంది, ఆ పని ముల్లు దిగిన ఎన్నో రోజున జరుగుతుంది అని అడిగినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది. చోటు, రోజు ఈ రెండూ తెలియకుండా నేర్చుకున్న ఇమ్యునాలజీ పరీక్ష గట్టెక్కిస్తుందేమో గాని, రోగి పక్కన నిలబడినప్పుడు ఒక్క నిర్ణయానికీ సాయపడదని నా గట్టి అభిప్రాయం. పాదానికీ గజ్జకూ మధ్య ఒక దారి ఉందని, ఆ దారిన కబురు చేరడానికి కొంత సమయం పడుతుందని బడికి వెళ్ళని మా నాయనమ్మకు తెలుసు. ఆమె చేతివేళ్ళకు తెలిసిన ఆ సంగతినే మనం కణాల భాషలో చెప్పుకోవాలి.

ముల్లు దిగిన క్షణంలో జరిగేదంతా పాదంలోనే జరుగుతుంది. చర్మం అనే కోటగోడ తెగింది, బురదలోని బాక్టీరియా లోపలికి వెళ్ళింది. అక్కడ చర్మం కింద ముందే కాపురం ఉంటున్న మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు అనే కాపలా కణాలు ఆ బాక్టీరియా పేరు, ఊరు అడగవు. ఏ బాక్టీరియాకైనా ఉమ్మడిగా ఉండే, మన శరీరంలో ఎక్కడా కనబడని కొన్ని అణువుల ఆకృతులను మాత్రమే అవి గుర్తుపడతాయి. ఇలా గుర్తుపట్టే గ్రాహకాలు (కణం మీద ఉండే గుర్తింపు అణువులు) ఉండి తీరాలని శాస్త్రవేత్త చార్లెస్ జేన్‌వే 1989లో ఊహించాడు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్లమీద ముసిరే చిన్న ఈగలో టోల్ అనే జన్యువుకు ఈ పాత్ర ఉందని చూపించింది, 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం ఎలుకలో దానికి సాటి అయిన గ్రాహకాన్ని పట్టుకుంది. మనిషిలో ఇలాంటి టోల్ వంటి గ్రాహకాలు పది ఉన్నాయి. ఎన్ని లక్షల రకాల సూక్ష్మజీవులు వచ్చినా మొదటి గంటల్లో గుర్తుపట్టే బాధ్యత ఈ గుప్పెడు గ్రాహకాలదే.

ఆ తర్వాతి కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు వస్తాయి. రక్తంలో ప్రవహించే తెల్ల కణాలలో సగానికి పైగా ఇవే. దెబ్బ తగిలిన చోట రక్తనాళపు లోపలి పొర జిగటగా మారడం వల్ల అవి అక్కడ దొర్లుతూ వేగం తగ్గి, అతుక్కొని, కణాల సందుల్లోంచి దూరి బయటికి వస్తాయి. వచ్చినవి బాక్టీరియాను మింగి, చంపి, తామూ చస్తాయి. నాయనమ్మ సూది మొనకు అంటిన ఆ తెల్లని చీము చాలా వరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. ఇల్యా మెచ్నికాఫ్ 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లల పారదర్శకమైన శరీరాల్లోకి ముళ్ళు గుచ్చి, మర్నాటికి వాటి చుట్టూ కణాలు మూగడం చూసి భక్షక కణాల సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఇమ్యునాలజీలో ఇంత పెద్ద శాఖ ముల్లుతోనే మొదలైందన్న విషయం చెప్పినప్పుడు మా విద్యార్థుల ముఖాల్లో కనిపించే ఆసక్తి నాకు ఇప్పటికీ ఆనందం కలిగిస్తుంది.

ఇక్కడితో పుట్టుకతో ఉండే సహజ రోగనిరోధకత ముగిసి, ఒక్కొక్క శత్రువుకూ ప్రత్యేకంగా ఏర్పడే ఆర్జిత రోగనిరోధకత మొదలవుతుందని పుస్తకాలు గీత గీస్తాయి. ఆ గీత నిజానికి ఒక దారి. దానిపై నడిచేది డెండ్రైటిక్ కణం. రాల్ఫ్ స్టైన్‌మన్ 1973లో దీన్ని గుర్తించి పేరు పెట్టాడు. పాదం చర్మంలో ఈ కణం బాక్టీరియా ముక్కలను నోట కరచుకుని, శోషరస (లింఫ్) నాళంలోకి దిగి, కాలి లోపలి పక్కగా పైకి సాగి, సుమారు ఒక రోజులో గజ్జలోని శోషరస గ్రంథికి, అంటే ఉబ్బితే బిళ్ళగా చేతికి తగిలేదానికి, చేరుతుంది. ముల్లు బొటనవేలి కింద కాక మడమ దగ్గర, పాదం బయటి అంచున దిగి ఉంటే ఆ దారి వేరు. అప్పుడు ముందుగా మోకాలి వెనుక గుంటలోని గ్రంథి ఉబ్బుతుంది. అనాటమీలో మొదటి సంవత్సరం చదివిన శోషరస మార్గాలు ఇమ్యునాలజీకి ముందుమాట వంటివని, ఆ బొమ్మలను మళ్ళీ తెరవమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అంత దూరం ఎందుకు వెళ్ళాలి, పాదంలోనే పని పూర్తి చేయకూడదా అని ఒక విద్యార్థిని అడిగింది. చాలా మంచి ప్రశ్న. జవాబు అంకెల్లో ఉంది. మన శరీరంలోని లింఫోసైట్లు అనే తెల్ల కణాల్లో (టి కణాలు, బి కణాలు ఈ జాతివే) ప్రతిదానికీ తనదైన ఒకే ఒక్క రకం గ్రాహకం ఉంటుంది, అది ఒకే ఒక ఆకృతికి సరిపోతుంది. ఏదో ఒక యాంటీజెన్‌ను (శత్రువుకు చెందిన ఒక ముక్కను) గుర్తించగల టి కణం ఆ యాంటీజెన్‌ను ఎన్నడూ చూడని మనిషిలో లక్షలో ఒకటో, పది లక్షల్లో ఒకటో ఉంటుంది. ఆ ఒక్క కణం, ఆ ఒక్క ముల్లు దగ్గరికి, ఆ రోజే తిరుగుతూ రావడమన్నది దాదాపు అసాధ్యం. అందుకని కబురు తెచ్చే డెండ్రైటిక్ కణం, ఆ టి కణం రెండూ ఒక చోట కలిసే ఏర్పాటు ఉంది. మా ప్రాంతంలో వారపు సంత ఎందుకు పెడతారో తెలిసినవారికి శోషరస గ్రంథి ఎందుకుందో వెంటనే అర్థమవుతుంది. చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో ఎవరి దగ్గర ఏ సరుకుందో ఇల్లిల్లూ తిరిగి వెతకనక్కరలేదు, అందరూ ఒక చోటికి వస్తారు. లింఫోసైట్లు రక్తంలోంచి గ్రంథిలోకి వచ్చి, కొన్ని గంటలు వెతికి, తమకు సంబంధించినదేమీ లేకపోతే మరో గ్రంథికి సాగిపోతాయి.

బిళ్ళ ఎందుకు కడుతుందో ఇప్పుడు చెప్పవచ్చు. డెండ్రైటిక్ కణం కబురు తెచ్చిన తర్వాత గ్రంథిలోకి వచ్చే లింఫోసైట్ల రాక పెరుగుతుంది, బయటికి పోయే దారి కొన్నాళ్ళపాటు మూసుకుంటుంది. వెతుకుతున్న కణం దొరికాక అది రోజుకు రెండు మూడుసార్లు చొప్పున చీలుతూ నాలుగైదు రోజుల్లో వేల సంఖ్యకు చేరుతుంది. నా జ్వరం మూడో రోజున రావడం, బిళ్ళ అప్పటికే చేతికి తగలడం, పుండు మానాక కూడా అది పది రోజులు ఉండిపోవడం అన్నీ ఈ లెక్కలోనే ఒదుగుతాయి. గ్రంథి పొడవునా బి కణాల వాడలు అంచున, టి కణాల వాడలు లోపలి పక్కన వేరువేరుగా ఉంటాయి. ప్రేరణ పొందిన రెండు రకాల కణాలూ సరిహద్దుకు వచ్చి కలుసుకున్నాకనే మేలైన యాంటీబాడీ (శత్రువును పట్టుకునే ప్రోటీన్) తయారవుతుంది. మొదట ఐదారు రోజుల తర్వాత వచ్చేది ఐజీఎం అనే రకం యాంటీబాడీ. అది ఐదు ముక్కలు కలిసిన పెద్ద అణువు, పట్టుకునే చేతులు పది. ఒక్కొక్క చేతి పట్టు బలహీనమైనా పది చేతులు కలిసి నెగ్గుకొస్తాయి. ఆ తర్వాత గ్రంథిలోనే ఏర్పడే అంకుర కేంద్రాల్లో బి కణాలు తమ జన్యువులను తామే కావాలని మార్చుకుంటూ, ఎక్కువ గట్టిగా పట్టుకోగల వాటిని మాత్రమే మిగుల్చుకుంటూ పోగా, రెండో వారానికి ఐజీజీ అనే మరో రకం ప్రబలంగా వస్తుంది. ఒకసారి తయారైన ఐజీజీ సగం తరగడానికి సుమారు 21 రోజులు పడుతుంది, తల్లి నుంచి మావి గుండా బిడ్డకు చేరగల యాంటీబాడీ కూడా ఇదొక్కటే.

ఇంత వైవిధ్యం ఎక్కడి నుంచి వచ్చిందన్నది చాలాకాలం తేలని చిక్కుముడి. మనిషికి ఉన్న జన్యువులు సుమారు ఇరవై వేలు, గుర్తించాల్సిన ఆకృతులు కోట్లు. సుసుము టోనెగావా 1976లో యాంటీబాడీ జన్యువు పుట్టుకతో పూర్తిగా ఉండదని, ముక్కలుగా ఉండి బి కణం ఎదిగేటప్పుడు తెగి అతుక్కుంటుందని చూపించాడు. దానికి 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ విషయంలో విద్యార్థులు తరచూ చేసే ఒక పొరపాటు ఉంది. బాక్టీరియాను చూశాక శరీరం దానికి తగిన యాంటీబాడీ ఆకృతిని రూపొందిస్తుందని అనుకుంటారు. అది తలకిందుల ఆలోచన. ఆకృతులన్నీ శత్రువు రాకముందే, శత్రువుతో నిమిత్తం లేకుండా పుట్టి ఉంటాయి. శత్రువు వచ్చి వాటిలో తనకు సరిపోయేదాన్ని ఎంచుతుంది, ఎంచుకున్నది సంతానాన్ని పెంచుకుంటుంది. ఫ్రాంక్ మాక్‌ఫార్లేన్ బర్నెట్ 1957లో చెప్పింది ఇదే.

యాదృచ్ఛికంగా అతుక్కున్న ఆకృతుల్లో కొన్ని మన శరీరానికే సరిపోవచ్చు కదా అన్న అనుమానం వెంటనే రావాలి. వాటిని ఏరివేసే చోటు, టి కణాల విషయంలో, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్. పుట్టిన వెంటనే థైమస్ తీసేసిన ఎలుకలు అంటువ్యాధులకు నిలవలేకపోతున్నాయని జాక్ మిల్లర్ 1961లో చూపించేవరకు దాన్ని పనికిరాని అవయవంగా భావించారు. అక్కడికి వెళ్ళిన టి కణాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా బతికి బయటపడవు. ఆ పరీక్షలోనూ తప్పించుకున్నవాటిని బయట అదుపులో ఉంచేందుకు నియంత్రక టి కణాలు ఉన్నాయి. వాటిని 1995లో గుర్తించిన షిమోన్ సకగుచికీ, వాటికి మూలమైన ఫాక్స్‌పీ3 జన్యువును 2001లో కనుగొన్న మేరీ బ్రుంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకూ కలిపి 2025 నోబెల్ బహుమతి లభించింది. ఈ నియంత్రక కణాలతో మళ్ళీ పని పడుతుంది.

రోజుల లెక్క ఎంత ముఖ్యమో మా ప్రాంతపు మూడు ఉదాహరణలతో చెబుతాను. భావనపాడు తీరంలో రొయ్య తిన్న పది నిమిషాలకే ఒకరికి పెదవులు వాచి, దద్దుర్లు లేచాయనుకుందాం. అది ముందే మాస్ట్ కణాల మీద కూర్చుని ఎదురుచూస్తున్న ఐజీఈ రకం యాంటీబాడీ చేసిన పని, అందుకే నిమిషాల్లో జరిగింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో ఉన్న స్త్రీకి పెంకులోని నూనె తగిలిన ఒకటి రెండు రోజులకు చేతుల మీద దురదతో పొక్కులు వస్తే, అది ఆ నూనెను మునుపే ఎరిగిన టి కణాలు అక్కడికి నడిచి వచ్చేందుకు పట్టిన సమయం. ఆ నూనె నేరుగా కాల్చే గుణం కూడా ఉన్నదే కాబట్టి వెంటనే మండితే అది వేరు సంగతి. రోగిని "ఎప్పుడు మొదలైందమ్మా" అని ఒక్క ప్రశ్న అడిగితే సగం రోగనిర్ధారణ అయిపోతుంది. క్షయ సోకిందేమో తెలుసుకునేందుకు చర్మంలో చేసే మాంటూ పరీక్షను 48 నుంచి 72 గంటల మధ్య చూడటానికి, ఎరుపును కాక గట్టిపడిన చోటును వేలితో తడిమి కొలవడానికి కారణం కూడా ఇదే. ఎరుపు రక్తనాళాలది, గట్టిదనం అక్కడ గుమికూడిన కణాలది.

మూడో ఉదాహరణ కుక్కకాటు. రక్తం కారేలా కరిచినప్పుడు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, టీకా మొదలుపెట్టి, దానితో పాటు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను (బయట తయారైన యాంటీబాడీని) గాయంలోనూ గాయం చుట్టూనూ ఎక్కిస్తాం. టీకా ఇస్తున్నప్పుడు ఇదెందుకు అంటే, టీకా వల్ల సొంత యాంటీబాడీ రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆలోగా వైరస్ నరంలోకి దూరిపోవచ్చు. గాయంలోనే ఎందుకు అంటే, వైరస్ ఆ సమయానికి ఉన్నది అక్కడే. మొదటి టీకా వేసిన ఏడు రోజులు దాటాక ఎందుకు ఇవ్వకూడదు అంటే, అప్పటికి సొంత ప్రతిస్పందన మొదలై ఉంటుంది, బయటి యాంటీబాడీ దానికి అడ్డు తగలవచ్చు. ఇంతకుముందే పూర్తి టీకా తీసుకున్న మనిషికి ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కరలేదు, రెండు బూస్టర్ డోసులు చాలు, ఎందుకంటే జ్ఞాపక కణాలు రోజుల్లోనే మేల్కొంటాయి. ఈ నాలుగు నియమాలను బట్టీ పెట్టిన విద్యార్థి ఒత్తిడిలో మరిచిపోతాడు, చోటూ రోజూ తెలిసినవాడు మరిచినా మళ్ళీ తానే రాబట్టుకుంటాడు.

ముల్లు సంగతి చెప్పినప్పుడు ధనుర్వాతం ప్రస్తావించకుండా పోవడం తప్పు. ఆ విషం ఎంత తీవ్రమైనదంటే, ప్రాణం తీయడానికి చాలే మోతాదు రోగనిరోధక వ్యవస్థను మేల్కొల్పడానికి చాలదు. అందువల్ల ధనుర్వాతం వచ్చి బతికి బయటపడిన మనిషికి కూడా టీకా వేయవలసిందే.

ఇక బోదకాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దానికి కారణమైన ఫైలేరియా అనే పురుగు జబ్బు ఎన్నో తరాలుగా ఉంది. ఏటా ఇంటింటికీ వచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ అనే పురుగుల మందు మాత్రలు మింగించడం మా పిల్లలందరూ చూసినదే. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక మత్స్యకారుల పల్లెలో రాత్రి రక్తపరీక్షల బృందంతో వెళ్ళాను. ఆ పురుగు పిల్లలు రాత్రి పది నుంచి రెండు మధ్యనే ఎక్కువగా పైరక్తంలోకి వస్తాయి కనుక పదింటికి తలుపులు తట్టడం మొదలుపెట్టాం. వలలు సర్దుకుంటున్న ఒక యువకుడి వేలు పొడిచి, ఒక చుక్కను అద్దం మీద పరిచి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఎర్రకణాలను ఇటూ అటూ తోసుకుంటూ సన్నని దారప్పోగుల వంటివి మెలికలు తిరుగుతూ కనిపించాయి. అతని కాళ్ళు చక్కగా, నున్నగా ఉన్నాయి. పక్క ఇంట్లో కాలు ఏనుగు పాదంలా ఉబ్బిన ఒక పెద్దామె రక్తంలో ఒక్క పురుగు పిల్ల కూడా లేదు. ఆ రాత్రి నాకు అర్థం కాలేదు. పురుగులున్నవాడికి జబ్బు లేదు, జబ్బున్నామెకు పురుగులు లేవు.

ఆ ముడి విప్పింది ఇమ్యునాలజీయే. పెద్ద పురుగులు కాపురం పెట్టేది సరిగ్గా మనం ఇంతసేపూ చెప్పుకున్న దారిలో, అంటే శోషరస నాళాల్లో, ఏళ్ళ తరబడి. అక్కడ బతకాలంటే ఇంటివాళ్ళను నిద్రపుచ్చాలి. నియంత్రక టి కణాలను, మంటను అణచే సైటోకైన్ ఐఎల్-10ను, పెద్దగా హాని చేయని యాంటీబాడీ ఐజీజీ4ను పెంచి అవి ఆ పని చేస్తాయి. ఆ యువకుడి శరీరం పురుగును సహించుకుంది. ఆ పెద్దామె శరీరం సహించలేదు. పురుగులు చచ్చినప్పుడు వాటిలోపల నివసించే వోల్బాకియా అనే బాక్టీరియా కూడా బయటపడి మంటను ఇంకా పెంచుతుంది. యుద్ధం గెలిచింది గాని యుద్ధం జరిగిన నాళాలు దెబ్బతిన్నాయి. ఇదే పురుగుకు మూడో ముఖం కూడా ఉంది. రాత్రుళ్ళు ఆయాసంతో దగ్గే ఒక మనిషి రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలు మైక్రోలీటరుకు మూడు వేలు దాటి, ఐజీఈ విపరీతంగా పెరిగి ఉండి, పురుగు పిల్లలు కనిపించకపోతే, అతని శరీరం వాటిని ఊపిరితిత్తుల్లోనే అతిగా తరుముతోందని అనుమానించాలి. ఆస్తమా మందులతో నెలలు గడిపిన అలాంటి రోగులు డీఈసీతో తేరుకుంటారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ పరిశోధనశాలలో 1940ల్లో వెలువడిన ఆ మందుకు ఒక విశేషం ఉంది. పరీక్షనాళికలో అది పురుగు పిల్లలను పెద్దగా ఏమీ చేయదు, శరీరంలో మాత్రం గంటల్లో వాటిని రక్తంలోంచి తుడిచేస్తుంది. చంపే పనిలో మన సొంత రక్షణ కణాల చెయ్యి ఉండాలన్నమాట.

మా మేనత్తకు ఎడమకాలికి బోదకాలు. సంవత్సరానికి మూడు నాలుగుసార్లు ఆ కాలు ఎర్రబడి, మండి, చలిజ్వరంతో ఆమె వారం రోజులు మంచం దిగేది కాదు. పురుగు మళ్ళీ లేచిందని ఇంట్లో అనుకునేవాళ్ళం. ఆమె చూపించుకున్న ఒక ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి మాత్రలు రాసి పంపారే గాని, ఆమె వేళ్ళ సందులు విడదీసి చూసినవారు లేరు. ఇమ్యునాలజీ చదువుకున్నాక ఒక సెలవుల్లో నేను చూశాను. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తడికి నాని, తెల్లబడి, చీలి ఉంది. బాక్టీరియా వెళ్ళేది ఆ చీలికలోంచి. కబురు మోయవలసిన నాళాలు దెబ్బతిన్నందున డెండ్రైటిక్ కణం దారిలోనే చిక్కుకుంటుంది, గజ్జలోని గ్రంథికి సమాచారం సరిగ్గా చేరదు, నిలిచిన శోషరసంలో బాక్టీరియా తేలిగ్గా పాకుతుంది.

అప్పటి నుంచి ఆమె రోజూ సాయంత్రం పీట మీద కూర్చుని, కాలిని సబ్బుతో నెమ్మదిగా కడిగి, మెత్తని పాత చీర గుడ్డతో ఒక్కొక్క వేలి సందునూ విడదీసి తుడిచి, చీలిక ఉన్న చోట మందు రాసి, కాలిని దిండు మీద ఎత్తి పెట్టుకుంటుంది. వాపు పూర్తిగా పోలేదు. చలిజ్వరం వచ్చి ఈ సంక్రాంతికి రెండేళ్ళు దాటింది. మొన్న మా విద్యార్థులు నలుగురు ఇంటికి వచ్చినప్పుడు "రా బాబూ, భయపడక పట్టుకుని సూడు" అని ఆమే కాలు ముందుకు జాపింది. వాళ్ళలో ఒకడు ముందు గజ్జ తడిమాడు. నేను ఏమీ చెప్పకముందే మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె వేళ్ళ సందులు ఒక్కొక్కటిగా విడదీసి చూడసాగాడు.